క్రీడాకారుని నడవడి : విజ్జీ – అమర్‌నాథ్ తగవు నేర్పే పాఠం

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

విజయనగరంలో విజ్జీ స్టేడియం ఎరుగని విద్యార్థి లేడు. విశ్వవిద్యాలయాల క్రికెట్‌లో విజ్జీ ట్రోఫీ అని ఒక పోటీ ఉన్నదని కూడా ఆటలంటే ఇష్టమున్న వారికి తెలిసిందే. కాని ఆ విజ్జీ ఎవరు, ఏం చేశాడు అని అడిగితే మనలో చాలామంది నీళ్ళు నములుతారు. రెండేళ్ళ క్రితం వరకూ నేనూ అంతే. ఒక తగవు మూలంగా ఆయన చరిత్ర చదవవలసి వచ్చింది. ఆ తగవు ఆయనది కాదు, నాది. ముందు ఆయన కథ చెప్పి తరువాత నా సంగతికి వస్తాను.

ఇక్కడ మనం ఆలోచించవలసిన ప్రశ్న ఒక్కటే. బాగా ఆడేవాడు తన కెప్టెన్‌తో, మేనేజర్‌తో, పత్రికలవారితో ఎలా మెలగాలి? ఆట బాగుంటే నోరు ఎలా ఉన్నా పరవాలేదా? లేక పెద్దలు ఏం చేసినా తలవంచుకుని పడి ఉండాలా? ఈ రెండూ తప్పేనని నా అభిప్రాయం. ఎందుకు తప్పో మన ఊరి కథే చెబుతుంది.

విజ్జీ ఎవరు?

విజ్జీ అసలు పేరు విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబరు 28న పుట్టారు. విజయనగరం పూసపాటి రాజుల ఇంట రెండవ కుమారుడు. అందుకే క్రికెట్ లోకం ఆయనను 'మహారాజ్ కుమార్ ఆఫ్ విజయనగరం' అని పిలిచింది. అజ్మీరు మేయో కళాశాలలోనూ, ఇంగ్లాండులోనూ చదివారు. తండ్రి పోయిన తరువాత కాశీలో ఉన్న కుటుంబ ఆస్తుల దగ్గరకు వెళ్ళిపోయి, అక్కడే సొంత జట్టు కట్టి క్రికెట్ నడిపారు.

ఆయన చేసిన మేలును ముందు చెప్పుకోవడం న్యాయం. 1930–31లో దేశంలో శాసనోల్లంఘన ఉద్యమం సాగుతున్నందువల్ల ఇంగ్లాండు జట్టు రాక ఆగిపోయింది. అప్పుడు విజ్జీ తన ఖర్చుతో ఒక జట్టును కూర్చి, జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహామహులను రప్పించి, మన దేశంలోనూ సింహళంలోనూ ఆడించారు. అంతటివారి ఆటను దగ్గరనుంచి చూసే భాగ్యం మన కుర్రాళ్ళకు కలిగింది.

కాని డబ్బు పెట్టేవాడికి ఆట కూడా వచ్చి ఉండాలని లేదు కదా! 1936లో ఇంగ్లాండు వెళ్ళే భారత జట్టుకు ఆయన కెప్టెన్ అయ్యారు. అదే జట్టులో సి.కె. నాయుడు ఉన్నారు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, 1932లో లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించిన ఆ నాయుడు గారు ఈసారి విజ్జీ కింద మామూలు ఆటగాడుగా ఆడవలసి వచ్చింది. కెప్టెన్ పదవి ఆటనుబట్టి కాక, పలుకుబడినిబట్టి దక్కిన కాలమది.

1932 నాటి మరొక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆ పర్యటనకు కెప్టెన్‌గా వెళ్ళినవారు పోర్‌బందర్ మహారాజా. తన ఆట ఏపాటిదో ఆయనకు తెలుసు. అందుకని టెస్టు మ్యాచ్ వచ్చేసరికి తాను తప్పుకుని నాయుడు గారికి దారి ఇచ్చారు. రాజు అయివుండి కూడా తన కొలత తాను తెలుసుకున్నాడు. విజ్జీ 1936లో మూడు టెస్టులకూ తానే నాయకుడు. ఆ మూడింటిలో ఆయన చేసిన పరుగులు మొత్తం 33.

అమర్‌నాథ్‌ను ఇంటికి పంపడం

లాలా అమర్‌నాథ్ పంజాబు కుర్రాడు. 1933 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లాండుపై తన మొదటి టెస్టులోనే 118 పరుగులు చేశాడు. భారతదేశం తరఫున టెస్టులలో అదే మొదటి సెంచరీ. 1936 నాటికి అతని వయస్సు ఇంకా 24 ఏళ్ళే. ఆ పర్యటనలో జూన్ నెల నడిమి నాటికి 613 పరుగులు చేసి, 32 వికెట్లు తీశాడు. జట్టులో అతనే అసలైన అండ అని చెప్పవచ్చు.

అతనికి కోపం ఎక్కువ. నోరు ఆగేది కాదు. ఫీల్డర్లను నిలబెట్టే విషయంలోనూ ఇతర విషయాలలోనూ కెప్టెన్‌తో అంతకుముందే మాటా మాటా వచ్చింది. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో మ్యాచ్ జరుగుతున్నది. అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం కూర్చున్నాడు. వికెట్ పడినప్పుడల్లా కెప్టెన్ మరొకరిని పంపుతున్నారు. చివరికి ఆ రోజు ఆట ముగియడానికి కొద్ది నిమిషాలే ఉండగా అతనికి పిలుపు వచ్చింది. తిరిగి వచ్చాక అతడు గదిలో తన సామాను విసిరికొట్టి, తన భాషలో కోపంగా ఏదో గొణిగాడు. అంతే. కెప్టెనూ, మేనేజరు మేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి అతడిని ఇంటికి పంపాలని తీర్మానించారు. తోటివారు సర్దిచెప్పబోయినా వినలేదు. మొదటి టెస్టు కూడా మొదలుకాక ముందే అతడు ఓడ ఎక్కాడు. ఇక్కడి పత్రికలలో పెద్ద గొడవ లేచింది. విచిత్రమేమంటే విజ్జీకి 'సర్' బిరుదు వచ్చినది కూడా ఆ పర్యటన కాలంలోనే. (ఆ బిరుదును ఆయన 1947లో వదులుకున్నారు.)

ఫలితం ఏమయింది? మూడు టెస్టులలో రెండు ఓడిపోయాం. మాంచెస్టర్‌లో మాత్రం విజయ్ మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 చేసి మొదటి వికెట్టుకు 203 పరుగులు కలిపినందువల్ల పరువు దక్కింది. ఆ ఇన్నింగ్సుకు ముందు మర్చంట్‌ను రనౌట్ చేయించమని కెప్టెనే ముస్తాక్‌కు చెప్పాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అందులో నిజమెంతైనా, అటువంటి కథ పుట్టిందంటేనే ఆ జట్టులో నమ్మకం ఏ స్థితిలో ఉండేదో అర్థమవుతుంది.

ఓవల్ టెస్టులో నాయుడు గారి సంగతి చూడండి. అప్పటికి ఆయనకు 40 ఏళ్ళు. తన పదవి తనకన్నా తక్కువ ఆట ఉన్నవారి చేతిలో ఉంది. ఇంగ్లాండు కెప్టెన్ గబ్బీ అలెన్ విసిరిన బంతి ఒంటికి బలంగా తగిలింది. అయినా నిలబడి 81 పరుగులు చేశారు. ఓడిపోయే మ్యాచ్‌లో చేసిన ఆ 81 పరుగులే ఆయన ఇచ్చిన సంజాయిషీ.

విచారణ

జట్టు తిరిగి వచ్చాక బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన ఒక సంఘం విచారణ జరిపింది. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. కెప్టెన్‌కు ఫీల్డింగ్ అమర్చడం గాని, బౌలర్లను మార్చడం గాని తెలియదనీ, బ్యాటింగ్ వరుసను ఒక పద్ధతిగా ఉంచలేదనీ తేల్చింది. అమర్‌నాథ్ మీది నిందను తొలగించింది. విజ్జీ మళ్ళీ టెస్టు ఆడలేదు.

న్యాయం జరిగింది కదా అని మనం సంతోషించవచ్చు. కాని ఒక్క లెక్క వేసి చూడండి. 1934 మొదట్లో టెస్టు ఆడిన అమర్‌నాథ్ మళ్ళీ టెస్టు ఆడినది 1946 జూన్‌లో. మధ్యలో యుద్ధం వచ్చింది. ఇంగ్లాండులో పోగొట్టుకున్న ఆ మూడు టెస్టులూ మరి రాలేదు. 22 ఏళ్ళవాడు 34 ఏళ్ళవాడయ్యాడు. నివేదిక నిందను తుడిచిందే గాని, వయస్సును తిరిగి ఇవ్వలేదు. పొలంలో అదను తప్పితే ఎంత ఎరువు వేసినా ఏం లాభం?

అయితే అమర్‌నాథ్ పూర్తిగా నిర్దోషి అని కూడా అనలేం. 1949లో క్రికెట్ బోర్డు మరోసారి అతనిపై క్రమశిక్షణ లేదన్న కారణంతో వేటు వేసింది. అప్పుడు విజ్జీ కెప్టెన్ కాదు, తగవు వేరొకరితో. ల్యాబులో మనకు నేర్పేది ఇదే కదా: ద్రావణం మార్చినా అదే రంగు వస్తున్నదంటే పరీక్షనాళికను కూడా అనుమానించాలి. కాకపోతే అతనిలో మరో గొప్ప గుణం ఉంది. ఆట వదలలేదు. తిరిగి వచ్చి 1952–53లో పాకిస్తాన్‌తో మొట్టమొదటి టెస్టు సిరీస్‌లో నాయకుడై 2–1తో గెలిపించాడు. తరువాత ఆటగాళ్ళను ఎంపిక చేసే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. విజ్జీ కూడా 1954లో బోర్డు అధ్యక్షులయ్యారు, రేడియోలో వ్యాఖ్యానాలు చెప్పారు, పార్లమెంటు సభ్యులయ్యారు. 1965లో కాశీలో కన్నుమూశారు.

ఆమదాలవలస అమ్మాయి

ఒక్క పరిశీలనతో సూత్రం కట్టకూడదు గనుక మరి రెండు మూడు ఉదాహరణలు చూద్దాం. మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి పెరిగిన ఊరు. 1994లోనూ 1995లోనూ 54 కిలోల తరగతిలో ప్రపంచ చాంపియన్. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో స్త్రీలకు మొదటిసారిగా బరువులెత్తే పోటీలు పెట్టారు. అప్పుడామె 69 కిలోల తరగతికి మారింది. ఆమె ఎంపిక సరికాదనీ, ఒళ్ళు పెరిగిందనీ, పని అయిపోయిందనీ పత్రికలలో రాశారు. ఆడపిల్ల తిండి మీద కూడా రాతలు వచ్చాయి.

2000 సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. భారత స్త్రీకి ఒలింపిక్స్‌లో అదే మొదటి పతకం. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తగలిగి ఉంటే బంగారమే దక్కేది. రాసినవారికి జవాబు బరువు మీదనే దొరికింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి ఆమె ఉపకులపతి అయింది.

అలాగని ఆటగాడు ఎప్పుడూ నోరు మూసుకోవాలని నేను చెప్పడం లేదు. అందరికీ సిడ్నీ దొరకదు. జట్టులోనే చోటు లేనివాడు ఆటతో జవాబు ఎలా చెబుతాడు? 2019 ఏప్రిల్‌లో ప్రపంచ కప్ జట్టులో అంబటి రాయుడుకు చోటు దక్కలేదు. ఎంపిక సంఘం అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాద్. ఇద్దరూ గుంటూరు ప్రాంతపువారే. తీసుకున్న ఆటగాడికి మూడు విధాల ఉపయోగం ఉందని ప్రసాద్ చెప్పగా, ప్రపంచ కప్ చూడడానికి త్రీడీ కళ్ళద్దాలకు ఆర్డర్ పెట్టానని రాయుడు ట్విట్టర్‌లో ఎత్తిపొడిచాడు. దేశమంతా నవ్వుకుంది. తరువాత జట్టులో ఇద్దరు ముగ్గురికి దెబ్బలు తగిలినా అతనికి పిలుపు రాలేదు. జూలైలో ఆట మానేస్తున్నానన్నాడు, ఆగస్టులో ఆ మాట వెనక్కు తీసుకున్నాడు. ఆ ఒక్క మాటే కారణమని నేననను. కాని కోపంలో అన్న మాట నవ్వు తెచ్చిందే గాని పిలుపు తేలేదన్నది నిజం.

ఆంధ్ర జట్టు మాజీ కెప్టెన్ హనుమ విహారిది ఇంకొక రకం. 2023లో రంజీ క్వార్టర్ ఫైనల్‌లో మణికట్టు విరిగినా ఎడమచేతి వాటానికి మారి, ఒంటిచేత్తో బ్యాటు పట్టినవాడు. 2024 ఫిబ్రవరిలో అతడు సామాజిక మాధ్యమంలో ఒక ప్రకటన చేశాడు. ఒక ఆటగాడిని మందలించినందుకు, ఆ ఆటగాడి తండ్రి రాజకీయ నాయకుడు కావడంచేత తనను కెప్టెన్సీ వదులుకోమన్నారని ఆరోపించాడు. అసభ్యంగా దూషించాడని ఫిర్యాదులున్నాయని క్రికెట్ సంఘం చెప్పింది. ఎవరిది ఎంత నిజమో తేల్చడం నా పని కాదు. ఒక్కటి మాత్రం గమనించండి. అతడు బయటపెట్టినది సీజన్ మొదటి మ్యాచ్ నాటి సంగతి. బయటపెట్టినది మాత్రం జట్టు ఆఖరి మ్యాచ్ ముగిశాక. మధ్యలో కెప్టెన్సీ లేకుండానే సీజనంతా ఆడాడు. కోపమున్నా ఆట చెడగొట్టలేదు.

నా తగవు

ఇక నా సంగతి. నేను కబడ్డీ ఆడతాను. మా ఊళ్ళో కోతలయ్యాక ఖాళీ పొలంలో నేర్చుకున్న ఆట. కూతకెళ్తే ఒకరినైనా తాకకుండా తిరిగి రానని నాకు పేరుండేది. మొదటి సంవత్సరంలో ఒక పోటీలో రెండవ సగం నన్ను కూర్చోబెట్టి, ఒక సముద్రపుటూరి కుర్రాడిని దింపారు. మూడు పాయింట్లతో ఓడిపోయాం. బయట ఒక విలేకరి కనబడి "ఏం తమ్ముడూ, నిన్నెందుకు తీసేశారు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండి ఉంది. "ఇక్కడ ఆట ఎవడు చూస్తాడండీ, అంతా సిఫారసులే" అనేశాను. ఆధారమేమీ లేదు. మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది.

ఆ కాగితం ముక్క చేసిన పని చెబుతాను. మా పి.డి. గారిని పైవాళ్ళు పిలిచి సంజాయిషీ అడిగారు. ప్రాక్టీసు రోజుల్లో మాకు కోడిగుడ్లు సొంత డబ్బుతో కొని పెట్టిన మనిషి ఆయన. నా బదులు ఆడిన కుర్రాడి ఇంట్లో సిఫారసు చేయగలవాడు ఒక్కడూ లేడు. అతడు నెల రోజులు మైదానానికి రాలేదు.

ఇంటికెళ్తే మా అయ్య కళ్ళంలో నూర్పులు చేయిస్తున్నాడు. చదువు రాదు గాని వార్త చేరింది.

"ఏటిరా, పేపర్లో పడ్డావట?"

చెప్పాను. అంతా విని, "మరా మాట ముందల మేస్టార్నే అడక్కపోయావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "దాపటెద్దు గట్టిదే. అలాగని వలపటెద్దుని కుమ్మితే కాడి ఇరిగిపోద్ది. అప్పుడు దుక్కి ఎవలు దున్నుతారు?" అని మళ్ళీ పనిలో పడిపోయాడు.

పి.డి. గారి దగ్గరకు వెళ్ళి తప్పయిందన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నిన్ను తియ్యడం నా పొరపాటే అయ్యుండొచ్చు. కాని ఆ కుర్రాడు చేసిన పొరపాటేంటి?" అన్నారు. ఆ రోజు నన్ను ఆడించి ఉంటే గెలిచేవాళ్ళమని ఇప్పటికీ అనుకుంటాను. అంటే నా ఫిర్యాదు అబద్ధం కాకపోవచ్చు. చెప్పిన చోటు తప్పు, చెప్పిన వేళ తప్పు, తెలియని దానిని తెలిసినట్టు చెప్పడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఈ సంవత్సరం కెప్టెన్సీ నాకిచ్చారు. మొన్న ఒక జూనియర్ నా మీద కోపంతో ఫోన్‌లో స్టేటస్ పెట్టాడు, కెప్టెన్‌కు తన క్లాసువాళ్ళే కనబడతారని. చూడగానే అతడిని జట్టునుంచి తీసేయాలనిపించింది. ఆ క్షణంలో నేను అమర్‌నాథ్‌ను కాదు, విజ్జీని. తీసేయలేదు. పిలిచి కూర్చోబెట్టి అడిగాను. అతడు చెప్పిన దాంట్లో సగం నిజముంది. ప్రాక్టీసులో నేను మా వాళ్ళకే ఎక్కువ కూతలిస్తున్నాను. మార్చుకున్నాను.

మనం నేర్వవలసినవి

ఒకటి. సందేహం వస్తే ముందు అడగవలసినది కెప్టెన్‌నూ పి.డి. గారినీ. అక్కడ జవాబు రాకపోతే రాతమూలకంగా పైవారికి చెప్పాలి. పత్రిక ఆఖరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

రెండు. విలేకరితో మాట్లాడేటప్పుడు మన ఆట గురించి మాట్లాడవచ్చు. తోటివాడి గుణం గురించి, ఆధారంలేని సంగతుల గురించి మాట్లాడరాదు. "ఇప్పుడేమీ చెప్పలేనండి" అనడం తప్పు కాదు. విలేకరి పని అడగడం, మన పని తూచి చెప్పడం.

మూడు. నిజంగా అన్యాయం జరిగితే మౌనం మర్యాద కాదు. కాని పోటీ నడుస్తుండగా జట్టును ముక్కలు చేయకూడదు.

నాలుగు. ఇది పెద్దలకు. బ్యాటింగ్‌కు ఎప్పుడు పంపుతారో, ఎందుకు ఆపుతున్నారో ఆ రోజు లార్డ్స్‌లో ఒక్క మాట చెప్పి ఉంటే అమర్‌నాథ్ సామాను విసిరేవాడు కాడేమో. కారణం చెప్పడం వల్ల పదవికి లోటు రాదు. శిక్ష కూడా తప్పుకు తగినంతే ఉండాలి. ఒక్క సాయంత్రపు కోపానికి పన్నెండేళ్ళ టెస్టు జీవితం ఖరీదు కారాదు.

మిత్రులారా! మనలో ఎంతమంది పెద్ద ఆటగాళ్ళమవుతామో తెలియదు. ఎక్కువమందిమి ఉద్యోగాలకో, పొలాలకో పోతాం. అక్కడ కూడా కెప్టెన్లుంటారు, తోటివారుంటారు, ఊరంతా వినిపించే ఫోన్లుంటాయి. ఆ సముద్రపుటూరి కుర్రాడు ఇప్పుడు మా జట్టులో ఎడమ మూల నిలబడతాడు. పట్టు పడితే వదలడు. వచ్చే సంవత్సరం కెప్టెన్సీకి అతని పేరే నేను చెప్పబోతున్నాను. అది సిఫారసు అని ఎవరైనా అంటే, ముందు మైదానానికి వచ్చి అతని ఆట చూడమని మనవి.